ద్విభాషి ఆలస్యము చేయరాదు

(గత ఆదివారము మన సంఘ మందిరమున చేసిన ప్రసంగపు పాఠము)



ఇట్టి విషయమును గూర్చి తెలుగున ప్రసంగింపుడని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. ఇది కంప్యూటరునకు సంబంధించిన సంగతి. అందులోను కంటికి కనబడని భాగపు సంగతి. అయినను ఒప్పుకొంటిమి. గత మాసమున మన సభ్యులలో నొకరు మా యింటికి వచ్చి అడిగిన ప్రశ్న యొకటి అప్పటినుండి మమ్ము వదలలేదు.

వారు మన మనలి కర్మాగారములలో నొకదానియందు ముప్పది యేండ్లు కంట్రోలు రూములో షిఫ్టు పని చేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. వారి కుమార్తె ఇంజనీరింగు చదివి, ఒక చిన్న సంస్థలో చేరి, ఎనిమిది నెలలుగా ఒక క్రొత్త చిప్పునకు డ్రైవరు వ్రాయుచున్నది. ఇంతలో ఒకటిన్నర రెట్ల జీతముతో వేరొక ఉద్యోగము వచ్చినది. అది అంగళ్లవారి సరకులను తెరపై అందముగా అమర్చి చూపు పని. "అన్నగారూ, ఎనిమిది నెలలు వ్రాసినను చూపుటకు ఒక తెర లేదు, ఒక బొమ్మ లేదు. అరచేతి పొడవు పచ్చని పలకమీద ఒక దీపము మినుకుమినుకు మనుచున్నది, అంతే. దీనిని నమ్ముకొమ్మందురా, మానుకొమ్మందురా?" అని వారు అడిగిరి. మేమును ఇరువది యేండ్లకు పైగా ఆ పనియే చేసినవారము. అయినను ఆనాడు తిన్నని సమాధానము చెప్పలేకపోతిమి. ఈనాడు చెప్ప ప్రయత్నింతుము.

డ్రైవరు అనగానే మనకు బండి నడపువాడు తోచును. ఆ పోలిక ఇక్కడ పొసగదు. చెన్నపట్టణపు పాతకథలు ఎరిగినవారికి అంతకంటె తగిన మాట యొకటి కలదు: ద్విభాషి. కుంపిణీ దొరలకు దేశభాషలు రావు. ఇక్కడి వర్తకులకును, నేతగాండ్రకును ఇంగ్లీషు రాదు. ద్విభాషి నడుమ నిలిచి వీరి మాట వారికి, వారి మాట వీరికి చెప్పెడివాడు. గవర్నరు పిగట్టునకు ద్విభాషిగా నుండి, అరుణాచల కవిని ఆదరించిన ముత్తుకృష్ణ మొదలియారుకు మన మనలి పేరే ఇంటిపేరైనది గదా. కంప్యూటరులోను ఇదే స్థితి. ఆపరేటింగ్ సిస్టము "ఈ ప్యాకెట్టును పంపుము" అనును. చిప్పునకు ఆ మాట తెలియదు. దానికి తెలిసినది రిజిస్టర్ల భాష. అనగా ఫలానా గడిలో ఫలానా అంకె వ్రాసినచో ఫలానా పని జరుగును, అంతియే. ఈ రెంటి నడుమ నిలిచి అటుమాట ఇటు, ఇటుమాట అటు చెప్పు ప్రోగ్రామే డ్రైవరు.

ఇంటిలోని ప్రింటరు డ్రైవరు అరక్షణము ఆలసించిన ఎవ్వరికిని నష్టము లేదు. మేము చెప్పబోవు హార్డువేరు అట్టిది కాదు. దానిని రియల్ టైం నెట్‌వర్కు హార్డువేరు అందురు. రియల్ టైం అనగా మిక్కిలి వేగము అని పలువురు భ్రమపడుదురు. అమ్మువారు కూడ ఆ భ్రమను తొలగింపరు. దాని అర్థము గడువు తప్పకుండుట. గుమ్మిడిపూండి లోకలు నెమ్మదిగానే పోవును. కాని అది ప్రతిదినము చెప్పిన వేళకు వచ్చునని తెలిసినచో షిఫ్టువారు దానిని నమ్ముకొని ఇల్లు కదలగలరు. తొమ్మిది దినములు అతివేగముగా వచ్చి పదియవ దినమున రాని బండి వారి కేమి ప్రయోజనము?

ఈ సభలోని పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. 1965లో మద్రాసు రిఫైనరీసు సంస్థ ఏర్పడి, 1969లో ఇక్కడ చమురు శుద్ధి మొదలైనది. మరుసటి సంవత్సరములలో ఎరువుల కర్మాగారము వచ్చినది. ఆ కాలపు కర్మాగారములలో కొలతలు సన్నని గొట్టములలో గాలి పీడనముగా, 3 మొదలు 15 పౌనుల వరకు, ప్రయాణము చేసెడివి. పిమ్మట 4 మొదలు 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తుగా తీగలపై వచ్చినవి. సున్నతో గాక 4తో ఎందుకు మొదలుపెట్టిరో ఇక్కడ అనేకులు ఎరుగుదురు. తీగ తెగినప్పుడు వచ్చు సున్నను కొలత సున్నగా పొరపడకుండుటకు. ఎంత తెలివియైన ఏర్పాటు! కాని ఆ పద్ధతిలో ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క జంటతీగ కావలెను.

ఇప్పుడు వచ్చుచున్న క్రొత్త హార్డువేరు ఆ జంటతీగపైననే ఈథర్నెట్టును నడుపును. 2019లో ఐ ట్రిపుల్ ఈ సంస్థవారు 802.3 సీజీ అను ప్రమాణమును ఆమోదించిరి. అందులో రెండు విధములు. మొదటిది ఒక్క జంటతీగపై 1000 మీటర్ల దూరము సెకండునకు ఒక కోటి బిట్లను పంపును. దీనిని ఆధారముగా గొని, మండు వాయువు లుండు చోట్ల నిప్పురవ్వ పుట్టనంత తక్కువ శక్తితో నడచు ఈథర్నెట్ ఏపీఎల్ అను పద్ధతిని 2021లో ప్రకటించిరి. అది మనలి వంటి ఊళ్లను ఉద్దేశించినదే. రెండవది 25 మీటర్ల లోపల ఒకే తీగను కనీసము ఎనిమిది పరికరములు పంచుకొనునట్టిది. పాత ఈథర్నెట్టులో ఇద్దరు ఒక్కమారు మాటలాడినచో ఇద్దరి మాటయు చెడి, తిరిగి మొదలుపెట్టవలసి వచ్చెడిది. ఇందులో పెద్దగా నుండు పరికరము ఒక సంకేతమును పంపును. ఆ వెంటనే పంక్తిలో వడ్డన సాగినట్లు ఒక్కొక్కరికి వరుసగా వంతు వచ్చును. చెప్పవలసినది లేనివాడు ఊరకుండిన వంతు తరువాతివానికి పోవును. అందుచేత తన వంతు ఎంత ఆలస్యముగా రాగలదో ముందుగానే లెక్కకట్టవచ్చును.

ఇంకను సూక్ష్మమైన కాలము కావలసిన చోట్లు కలవు. ఒకే యంత్రములోని పలు మోటార్లు కలిసి తిరుగవలసిన చోట, విద్యుత్ సబ్‌స్టేషన్లలో, సెల్‌ఫోను గోపురములలో గడియారముల నడుమ తేడా ఒకటి రెండు మైక్రోసెకండ్లకు మించరాదు. చమురు శుద్ధిలోని ఉష్ణోగ్రతకు అంత పట్టింపు అక్కరలేదు. పది మైక్రోసెకండ్లలో ఏ కొలిమియు చల్లారదు. అన్నిటికిని అదే కావలెనని చెప్పు వ్యాపారులను మేము నమ్మము. కావలసిన చోట మాత్రము దానికి బదులు లేదు. అందుకై 2012 నుండి టైం సెన్సిటివ్ నెట్‌వర్కింగు అను పేర అనేక ప్రమాణములు వెలువడినవి.

అందులో ముఖ్యమైనవి మూడు చెప్పెదము. మొదటిది అందరి గడియారములను ఒక్కటి చేయుట. కచేరీలో మృదంగము, వయొలిను ఎవరి తాళము వారు వేసికొనిన సమము ఎట్లు కలియును? రెండవది గేట్ల పట్టిక. కాలమును ఆవర్తములుగా విభజించి, ప్రతి ఆవర్తములో ఫలానా భాగమున ముఖ్యమైన ప్యాకెట్లకు మాత్రమే గేటు తెరచుట. మూడవదానికి మన రోడ్డే ఉదాహరణము. కంటైనరు లారీ యొకటి అడ్డముగా పోవుచుండగా వెనుక ఆంబులెన్సు వచ్చినచో ఏమి చేయగలము? లారీ పోవువరకు ఆగవలెను. నెట్‌వర్కులో పెద్ద ఫ్రేము 1518 బైట్లది; సెకండునకు పది కోట్ల బిట్ల తీగపై అది పోవుటకు సుమారు 120 మైక్రోసెకండ్లు పట్టును. క్రొత్త హార్డువేరు ఆ లారీని నడిమికి కోసి, ఆంబులెన్సును పోనిచ్చి, పిమ్మట మిగిలిన సగమును పంపి, అవతలి చివర రెండు సగములను అతుకును. నిరీక్షణ సుమారు 10 మైక్రోసెకండ్లకు దిగును. రోడ్డుమీద సాధ్యము కానిది తీగమీద సాధ్యమైనది.

ఇదంతయు చిప్పు చేయును గదా, ద్విభాషి గొప్ప యేమున్నదని మీరు అడుగవచ్చును. గేట్ల పట్టికనే తీసికొందము. లినక్సులో దీనికి 2018లోనే ఏర్పాటు వచ్చినది. వాడుకరి "ఫలానా క్షణమునుండి ఆవర్తము మొదలుపెట్టుము" అని చెప్పును. ఆ మాట చిప్పునకు చేరులోపల ఆ క్షణము గడచిపోవచ్చును. ద్విభాషి మాటకు మాట అప్పగించినచో, కొన్ని చిప్పులు గడచిన క్షణము మరల వచ్చునని ఎదురుచూచుచు కూర్చుండును. గేటు ఎన్నటికిని తెరచుకొనదు. తెలిసినవాడు ఎన్ని ఆవర్తములు గడచినవో లెక్కించి, రాబోవు ఆవర్తపు మొదటి క్షణమును చిప్పునకు చెప్పును. ఇది చిప్పు పుస్తకములో ఒక్కొక్కప్పుడు వ్రాసియుండదు. క్రొత్త చిప్పు పుస్తకము తొలి ముద్రణ వంటిది. తప్పొప్పుల పట్టిక పిమ్మట వచ్చును. ఆ పట్టికలోని తప్పులను కనిపెట్టువారు సాధారణముగా డ్రైవరు వ్రాయువారే.

మా సొంత తప్పు నొకటి చెప్పుకొనవలెను. చాల యేండ్ల క్రిందట ఒక ప్రయోగశాలలో మేము ఒక చిప్పు గడియారమునకు డ్రైవరు వ్రాసితిమి. దానిలో సెకండ్లు ఒక రిజిస్టరులోను, సెకండులోని నానోసెకండ్లు వేరొక రిజిస్టరులోను ఉండెడివి. మేము మొదట నానోసెకండ్లను, పిదప సెకండ్లను చదివెడివారము. పదునైదు దినములు బాగుగా నడచినది. ఒక రాత్రి రెండు మోటార్లు కలిసి తిరుగు పరీక్షలో ఒకదాని గడియారము ఒక్క సెకండు ముందుకు దుమికినది. మోటార్ల జత తప్పి ఇరుసు విరిగినది. అదృష్టవశమున దగ్గర ఎవ్వరును లేరు. మేము మూడు వారములు చిప్పునే నిందించితిమి. చిప్పు చేసినవారికి కఠినముగా ఉత్తరములు కూడ వ్రాసితిమి. చివరకు కారణము తెలిసినది. మేము 999,999,990 అని నానోసెకండ్లు చదివి సెకండ్లు చదువులోపల సెకండు మారినది. పాత నానోసెకండ్లకు క్రొత్త సెకండు అతికితిమి. లక్షల మారులలో ఒక్కమారు మాత్రమే జరుగు పొరపాటు! సెకండ్లను ముందొకమారు, వెనుకొకమారు చదివి, రెండును ఒకటి కానిచో మరల చదువవలెనని తెలిసినవారికి అది రెండు పంక్తుల సవరణ. ఆ ఉత్తరములకు క్షమాపణ వ్రాయుటకే మాకు ఎక్కువ కాలము పట్టినది.

చిప్పు ఒకవైపు; రెండవవైపు ఆపరేటింగ్ సిస్టము. అక్కడను గడువులు తప్పును. 1997లో కుజగ్రహముపై దిగిన పాత్‌ఫైండరు నౌక కంప్యూటరు దిగిన కొన్ని దినములకు మాటిమాటికి తనంత తాను మరల మొదలగుచుండెను. వాతావరణపు కొలతలు తీయు చిన్న పని యొకటి తాళము వేసికొని లోపల ఉండగా, అతిముఖ్యమైన పని బయట వేచియున్నది. ఇంతలో నడితరగతి పనులు వచ్చి చిన్నపనిని కదలనీయలేదు. కాబట్టి పెద్దపనియు నిలిచిపోయినది. తాళము పట్టుకొన్నవానికి, వేచియున్న పెద్దవాని హోదాను అప్పటికి ఎరువిచ్చినచో చిక్కు తీరును. అట్లే భూమినుండి ఆజ్ఞ పంపి సరిచేసిరి.

లినక్సులో ఈ గుణమును ప్రవేశపెట్టు ప్రయత్నము సుమారు ఇరువది యేండ్లు వేరుగా సాగి, 2024 సెప్టెంబరులో ప్రధాన కెర్నెల్‌లో చేరినది. ఆ నవంబరున వెలువడిన 6.12 లో మనకు అందినది. అది పనిచేయవలెనన్న డ్రైవరు వ్రాయువారు కొన్ని పాత అలవాట్లు మానవలెను. ఇంటరప్టు రాగానే పనియంతయు అక్కడనే చేయరాదు. గుర్తు వేసి, పనిని వరుసలో పెట్టి తప్పుకొనవలెను. చిప్పు సిద్ధమగువరకు తలుపువద్ద గిరగిర తిరుగుచు ప్రాసెసరును పట్టుకొనరాదు. గడువున్న దారిలో మెమరీ కొరకు చేయి చాపరాదు. ఒక్క అవివేకి డ్రైవరు చాలును, తక్కిన వ్యవస్థ పడిన శ్రమ వ్యర్థమగుటకు.

అదే 6.12 లో మన విషయమునకు సంబంధించిన వేరొక డ్రైవరు చేరినది. మైక్రోచిప్ సంస్థవారి లాన్ 8650 అను చిప్పు నేను చెప్పిన వంతుల తీగకు చేసినది. ఆ సంస్థకు చెన్నైయందును, హైదరాబాదునందును, బెంగుళూరునందును ఇంజనీరింగు కేంద్రములు కలవు. ఈ చిప్పు ప్రాసెసరుతో ఎస్‌పీఐ అను నాలుగు తీగల దారిలో మాటలాడును. ఫ్రేమును 64 బైట్ల ముక్కలుగా కోసి, ఒక్కొక్కదానికి నాలుగు బైట్ల శిరోలేఖ కట్టి పంపవలెను. పెద్ద ఫ్రేమునకు 24 ముక్కలు. ఒక ముక్క లోపలికి పోవుచుండగనే వేరొక ముక్క వెలుపలికి వచ్చును. దాని తోకలో "నావద్ద ఇన్ని ముక్కలు సిద్ధము, ఇన్నిటికి చోటు కలదు" అని వ్రాసియుండును. ఆ తోకను సరిగా చదువుటలోనే డ్రైవరు నేర్పంతయు ఉన్నది. 2023లో మొదట బహిరంగముగా పంపిన ఆ పాఠము అందరి యెదుట పలుమారులు విమర్శకు నిలిచి, తిరిగి వ్రాయబడి, సుమారు ఒక సంవత్సరమునకు ఆమోదము పొందినది. పెండ్లిచూపులకైనను అంత పరీక్ష యుండదు.

ఇక మా మిత్రుని ప్రశ్న. కష్టములను దాచము. ఈ పనిలో జీతము ఆలస్యముగా పెరుగును. చూపుటకు బొమ్మ యుండదు. బాగుగా పనిచేయునంతకాలము ఎవ్వరును పేరెత్తరు. చెడినప్పుడు మాత్రము రాత్రి రెండు గంటలకు పిలుతురు. షిఫ్టు పని చేసినవారికి అది వేరుగా చెప్పనక్కరలేదు. మరియొకవైపు చూతము. తెరపై బొమ్మలు అమర్చు పద్ధతి రెండు మూడేండ్లకు మారిపోవును. కర్మాగారములో అమర్చిన చిప్పు పదునైదు, ఇరువది యేండ్లు అక్కడనే యుండును. దానిని ఎరిగినవారు అంతకాలమును కావలయుదురు.

అయినను "ఉండుము" అని మేము వెంటనే చెప్పము. ఆమె తన సంస్థను ఒక్కమాట అడుగవలెను: ఈ డ్రైవరును ప్రధాన కెర్నెల్‌నకు పంపనిత్తురా, లేక మీ పెట్టెలోనే దాచుకొందురా? పంపనిచ్చినచో ఆమె పేరు ఆ పాఠమునందు నిలుచును. సంస్థ మూతబడినను ఆ పనిని ఎవ్వరైనను చూడవచ్చును, ఆమె నేర్పును కొలువవచ్చును. పలువురు పెద్దలు ఉచితముగా ఆమె తప్పులు దిద్దుదురు; అట్టి గురుకులము మరి లేదు. దాచుకొందుమన్నచో, కెర్నెల్ మారిన ప్రతిమారును ఒంటరిగా అతుకులు వేయుచు ఆమె యౌవనము గడచును. అప్పుడు ఆ రెండవ ఉద్యోగమునకే పోవుట మేలని మా అభిప్రాయము. ఇది వినుటకు మా తోటివారికి రుచింపకపోవచ్చును.

మొన్న శనివారము వారి యింటికి పోయితిమి. భోజనపు బల్లపై రెండు పలకలు, నడుమ ఒక జంటతీగ. అమ్మాయి సైక్లిక్‌టెస్టు అను ప్రోగ్రామును నడుపుచుండెను. ఆపరేటింగ్ సిస్టము చెప్పిన క్షణమునకు ఎంత ఆలస్యముగా మేల్కొనుచున్నదో అది కొలుచును. కనిష్ఠము, సగటు, గరిష్ఠము అని అంకెలు చూపును. "సగటు ఎంత తగ్గినదో చూడండి నాన్నగారూ" అని ఆమె సంతోషముతో చెప్పినది. మా మిత్రుడు కళ్లజోడు సవరించుకొని, "సగటు ఎందుకమ్మా? రాత్రంతయు నడిపినచో ఆ చివరి అంకె ఎంత?" అని అడిగిరి. ముప్పది యేండ్లు అలారము దీపములను చూచిన కన్ను గదా! ఆ రాత్రి వారు దానిని నడువనిచ్చి, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి తామే అంకె చూచి కాగితముపై వ్రాసిపెట్టిరట. అది ఆమె అనుకొన్నదానికి మూడు రెట్లుండెను. ఇప్పుడు తండ్రీకూతుండ్రు ఇద్దరును ఆ కారణమును వెదకుచున్నారు.

ఆ రెండవ సంస్థకు ఆమె సమాధానము చెప్పవలసిన గడువు వచ్చు శుక్రవారము. తన సంస్థను అడుగవలసిన మాట ఇంకను అడుగలేదు. సోమవారము అడిగెదనని చెప్పినది. ఆ రెండు పలకలను, తీగను ఈదినము వెంట తెచ్చి వెనుక బల్లపై ఉంచినది. కాఫీ ఇచ్చు వేళకు అక్కడికి పోయి చూడవచ్చును. తీగను లాగినచో అంకె ఏమగునో చూచుటకు పిల్లలు ఇప్పటికే అక్కడ మూగియున్నారు. వారికి కొంచెము చోటు విడువుడు.